కొస కాలిన టేపు

క్రీడా సంఘం క్వార్టర్లు, రెండో అంతస్తు
ఆదివారం, చలి తగ్గుతోంది

బావగారికి నమస్కారాలు.

కవరు మీద నా చేతిరాత చూసి చింపి పారేయకుండా ఇక్కడిదాకా చదివారంటే అదే నాకు పదివేలు. తొమ్మిదేళ్ళయింది మీకు ఉత్తరం రాసి. అక్క పోయాక ఏం రాయాలో తెలియలేదు. ఆ తర్వాత, ఇన్నాళ్ళు రాయనివాడు ఇప్పుడెందుకు రాశాడని అంటారేమోనని రాయలేదు. అలా రోజులు దొర్లిపోయాయి.

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు మాత్రం మాట వినడం మానేశాయి. సంఘం వాళ్ళు నన్ను బాగా చూసుకుంటున్నారు. వారానికోసారి ఎవరో ఒకరు వచ్చి, గూటిబంతి కనిపెట్టిన మాస్టారు ఈయనే అని పిల్లలకి చూపించి, ఫొటో తీసుకుని వెళ్తారు. మన ఆట ఇప్పుడు నలభై మూడు దేశాల్లో ఆడుతున్నారట. మిల్లు వెనక పెరట్లో, షిఫ్టు మారే అరగంటలో, పద్నాలుగు మంది పనివాళ్ళతో మొదలుపెట్టాం. మీరు వడ్రంగి షెడ్డులోంచి స్తంభాలు మోసుకురావడం, అక్క కుట్టు విభాగంలోంచి కాన్వాసు గుడ్డలో దూది చెత్త కూరిన బంతి పట్టుకురావడం నాకు నిన్నటిలా ఉంది.

రెండు సంగతులు చెప్పాలి. కోర్టు పొడవు ఎనభై ఎనిమిది అడుగుల నాలుగు అంగుళాలు కదా. ఆ చిల్లర లెక్క తీసేసి, సరిగ్గా నూరడుగులు చేయాలని సంఘంలో కొందరు పట్టుబడుతున్నారు. ఇప్పటి ఆటగాళ్ళు గట్టివాళ్ళు, పరుగు ఎక్కువుంటే చూసేవాళ్ళకి బాగుంటుందంటారు. వానలు మొదలయ్యాక సభ. నా అభిప్రాయం అక్కడ చదివాక ఓట్లు వేస్తారు. నేను సరే అందామనుకుంటున్నాను.

రెండోది. సంఘం తరఫున ఆట చరిత్ర రాస్తున్న అమ్మాయి ఒకామె పాత వస్తువుల కోసం మీ దగ్గరికి వస్తుంది. మొదటి బంతి ఉంటే ఇవ్వండి. అక్క కొలతల టేపు మాత్రం ఇవ్వొద్దు. దాన్ని నాకు పోస్టులో పంపండి. అది కుదరకపోతే పారేసినా ఫరవాలేదు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ బావమరిది


మైదానం ఎదుటి వీధి, మేడమీద గది
గురువారం

డ్రిల్లు మాస్టారికి,

ఉత్తరం అందింది. చింపలేదు. పోస్టు మనిషి మూడంతస్తులు ఎక్కి వచ్చి ఇచ్చాడు, అతని మొహం చూసి చదివాను.

నీ ఉత్తరంలోంచి ఏడు తీసేసి చూస్తే మిగిలింది ఒక్కటే. నీకు టేపు కావాలి. తొమ్మిదేళ్ళ తర్వాత బావ గుర్తొచ్చింది అందుకన్నమాట.

ఏడు తీసెయ్యడం గుర్తుందా? నలభై మూడు దేశాలు తిరిగినవాడివి, మర్చిపోయి ఉంటావు. నేను గుర్తు చేస్తాను. కొత్తగా పెళ్ళైన రోజుల్లో మీ అక్క ఇస్త్రీ పెట్టెని టేపు మీద పెట్టి, పొయ్యి మీద ఏదో పొంగుతోందని పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి మొదటి ఏడు అంగుళాలు మాడిపోయాయి. కత్తెరతో నీట్‌గా కోసేసి, మిగిలిన దాంతోనే ముప్పై ఏళ్ళు కుట్టింది. కొత్తది కొనవే అంటే, "అంకెలోంచి ఏడు తీసేస్తే సరిపోయె. ఈ మాత్రం దానికి టేపు మార్చాలా" అనేది. ఒక్క చొక్కా పొట్టి కాలేదు, ఒక్క లాగు బిగుసుకోలేదు. ఆ తర్వాత అదే ఇంట్లో మాటైపోయింది. నువ్వు ఏదైనా గొప్పలు చెప్తే చాలు, "చిన్నోడి మాటల్లోంచి ఏడు తీసేసి వినండి" అనేది. నువ్వూ నవ్వేవాడివి అప్పట్లో.

టేపు ఇవ్వను. నీకూ ఇవ్వను, ఆ అమ్మాయికీ ఇవ్వను. పారేయమని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? తన కత్తెర నీ మేనకోడలు తీసుకుంది, మెషిన్ అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఇచ్చేశాను. నాకు మిగిలింది ఆ టేపొక్కటే.

దాంతో నిన్న కిటికీకి తెర కొలుద్దామని కూర్చున్నాను. ఒంటి చేత్తో అవ్వలేదు. ఒక కొస మీద ఇటుక పెట్టి లాగాను. ఇటుక కింద పడి కాలి గోరు నల్లబడింది. తెర సంగతి వదిలేశాను. ఎదురుగా మైదానం ఉంది, సాయంత్రం నాలుగింటికి ప్యాకింగ్ షెడ్డు ఆడవాళ్ళు వచ్చి గూటిబంతి ఆడతారు. చూస్తూ కూర్చుంటాను. తెర ఎందుకు మాత్రం?

టేపుతో నీకేం పనో చెప్పు. ఏడు తీయక్కర్లేకుండా చెప్పు.

నీ అక్క మొగుడు


క్రీడా సంఘం క్వార్టర్లు
ఎండలు మొదలయ్యాయి

బావగారికి,

మీరు అడిగినట్టే చెప్తాను. రెండు వారాలు పట్టింది రాయడానికి. రాసి చింపినవి నాలుగున్నాయి.

కోర్టు కొలిచిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మీ ఇనుప స్కేలు రెండడుగులే కదా, దాంతో పెరడు కొలిస్తే తెల్లారుతుందని అక్క టేపు తెచ్చింది. అక్క కాలిన కొస పట్టుకుంది. నేను అరవై అంకె ఉన్న కొస పట్టుకుని లెక్క చదివాను. మీరు మేకులు కొట్టుకుంటూ వచ్చారు. నూరడుగులు అనుకున్నాం. అరవై అంగుళాల టేపు ఇరవై సార్లు పరిస్తే నూరడుగులు. నేను ఒక అరవై, రెండు అరవైలు, మూడు అరవైలు అని గట్టిగా చదువుకుంటూ పోయాను. డ్రిల్లు చేయించేవాడి గొంతు కదా, మిల్లంతా వినపడింది. అందులో ఏడు తీయాలన్న సంగతి నాకు తట్టలేదు. టేపు అరవై కాదు, యాభై మూడే. ఇరవై సార్లు ఏడేసి అంగుళాలు మింగేశాను.

రెండు నెలలు ఆడాక, పక్క మిల్లు వాళ్ళు మన ఆట చూసి, మాకూ కొలతలు ఇవ్వమన్నారు. ఓవర్‌సీరు ఇనుప గొలుసుతో కొలిచి "మాస్టారూ, ఇది ఎనభై ఎనిమిది అడుగుల నాలుగంగుళాలుందండీ. ఈ లెక్క ఏమిటి?" అన్నాడు. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. నా నోట ఏదో ఒకటి రావాలి. "పరుగెత్తే మనిషి అంగ నాలుగడుగులు. ఇరవై రెండు అంగలకి ఊపిరి ఒక చుట్టు పూర్తవుతుంది. ఆ పైన నాలుగంగుళాలు ఆగడానికి" అన్నాను. ఎక్కణ్ణించి వచ్చిందో నాకే తెలియదు. వాళ్ళు రాసుకున్నారు. ఆ తర్వాత నియమాల పుస్తకంలోకి ఎక్కింది. పటాలు గీశారు. మంచు కురిసే దేశంలో ఒకాయన దాని మీద పెద్ద పుస్తకమే రాసి, సంతకం పెట్టి నాకు పంపాడు. ఇప్పుడు ఆ అంగల పటం అద్దం కట్టించి నా గది గోడకి వేలాడదీశారు. పొద్దున లేవగానే దాని మొహమే చూడాలి.

ఆ అమ్మాయి చురుకైనది. కాలిన టేపు చూసిందంటే క్షణంలో లెక్క కట్టేస్తుంది. ఇన్నేళ్ళ పేరు, ఒక మాడిన గుడ్డ ముక్క దగ్గర తేలిపోతుంది. కోర్టు నూరడుగులైపోతే ఇక ఆ అంకె ఎవరికీ అక్కర్లేదు, ఎవరూ అడగరు. నా తప్పు నాతో పోతుంది.

ఇక్కడ అల్మారా నిండా కప్పులున్నాయి. వాటి మీద దుమ్ము నేనే తుడుస్తాను. తుడుస్తుంటే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తుంది. టేపు పంపమని మళ్ళీ అడగను. ఎవరికీ చూపించకండి, అంతే.

మీ బావమరిది


మేడమీద గది
ఎండ మండిపోతోంది, శనివారం

ఏవోయ్ మాస్టారూ,

చదివాను. పాదం ఆపడానికి నాలుగంగుళాలా! ఆ ముక్క దగ్గర నవ్వొచ్చింది. ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే కింది వాటావాళ్ళు పైకి వచ్చి చూశారు.

నవ్వయ్యాక కోపం వచ్చింది. దాచుకోవడం నాకు చేతకాదు, రాసేస్తున్నాను.

పదకొండేళ్ళ కిందట నీ ఆటకి జూబిలీ చేశారు. మీ అక్క మూడో వరసలో కూర్చుంది. ఆ సభ కోసం కొత్త బట్టలు తనే కుట్టుకుంది, అప్పటికే సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది. నువ్వు గంటా పది నిమిషాలు మాట్లాడావు. నా గడియారంలో చూశాను. నీ ఈల గురించి చెప్పావు. మిల్లు మేనేజరు గురించి చెప్పావు. నీకు ఆలోచన తట్టిన క్షణం గురించి పావుగంట చెప్పావు. "ఇప్పుడు చెప్తాడు చూడండి, బంతి సంగతి ఇప్పుడు చెప్తాడు" అని పది నిమిషాలకోసారి మోచేత్తో నన్ను పొడిచింది. నువ్వు చెప్పలేదు. చివరికి నువ్వు కూర్చుంటే, అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ వినపడుతుంటాయి.

ఆ తర్వాత రెండేళ్ళకి తను పోయింది. నువ్వు మూడోరోజు వచ్చావు, ఏదో దేశం నుంచి, సంఘం బొమ్మ కుట్టిన కోటుతో. అంతా అయిపోయాక. నీతో మాట్లాడలేదంటే మాట్లాడకూడదనే మాట్లాడలేదు.

ఆ చరిత్ర అమ్మాయి నిన్న వచ్చింది. మంచి పిల్ల. రెండు కప్పుల టీ తాగింది, కిటికీలోంచి ఆట చూసింది. "ఇక్కడ ముసలివాళ్ళు, లావుగా ఉన్నవాళ్ళు, అందరూ ఆడుతున్నారే" అంది. బంతి ఇచ్చాను. టేపు సంగతి ఎత్తలేదు. నీ కోసం కాదు.

నువ్వు తప్పు చేశావని ఇన్నేళ్ళూ అనుకుంటున్నావని నాకు నిజంగా తెలియదు. ఈ విషయంలో నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. చెప్పనని మీ అక్కకి మాటిచ్చాను. పోయిన మనిషికిచ్చిన మాట తప్పొచ్చో లేదో తేల్చుకోలేకపోతున్నాను. అడిగితే సమాధానం చెప్పేది తనే కదా.

బావ


క్రీడా సంఘం క్వార్టర్లు
బుధవారం, గాలిదుమారం

బావా,

గారు, మీరు అన్నీ పక్కన పెడుతున్నాను. కొత్తలో నిన్ను బావా అనే పిలిచేవాణ్ణి. పేరు వచ్చాక నాకు మర్యాదలు నేర్పించారు.

నువ్వు రాసిందాంట్లో ఒకటి తప్పు. నేను వచ్చింది మూడోరోజు కాదు. కబురు అందగానే బయల్దేరాను, మొదటి రోజు సాయంత్రానికే వచ్చాను. మీ వీధి చివర సైకిళ్ళ షాపు దగ్గర నిలబడ్డాను. మీ గుమ్మం ముందు జనం కనపడుతున్నారు. నువ్వు మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నావు. నలభై అంగలు వేస్తే నీ దగ్గరికి చేరేవాణ్ణి. వేయలేదు. వెనక్కి వెళ్ళి లాడ్జిలో రెండు రోజులు పడుకున్నాను. అక్కని ఆఖరిసారి చూడలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఎందుకంటావా? జూబిలీ రోజు నువ్వు బయటికి వెళ్ళిపోయాక, నేను వేదిక దిగుతుంటే అక్క వచ్చింది. నా కాలరు సరిచేసి, చెవి దగ్గర చిన్నగా, "చిన్నోడా, ఆ మిగిలిన నాలుగంగుళాలు దేనికిరా, పాదం ఆరేసుకోవడానికా?" అంది. అని నవ్వింది. నాకు తల తీసినంత పనైంది. అక్కకి అంతా తెలుసు. మాడిన టేపు, నా తప్పు, నేనల్లిన కథ, దాని మీద కట్టిన నా బతుకు, అన్నీ తెలుసు. ఆ తర్వాత ఆమె మొహం చూడలేకపోయాను. పండగకీ రాలేదు, పబ్బానికీ రాలేదు, జబ్బు చేస్తేనూ రాలేదు. ఫోనులో కూడా మేనకోడలితోనే మాట్లాడేవాణ్ణి. క్షమించమని అడగడానికి అక్క లేనే లేకుండా పోయింది బావా.

సభకి నా ఉత్తరం రాసేశాను. "నూరడుగులు చేయండి, పాత కొలత నా మోకాళ్ళలాగే వంకరది" అని. రేపు పోస్టు చేస్తాను. తప్పు చేసినవాడు కనీసం దిద్దుకోవాలి కదా. అక్క కూడా అదే అనేది, కుట్టు తప్పితే విప్పెయ్ అని.

నీ దగ్గరున్న మాట ఏమిటో నాకు తెలియదు. తిట్టే అయితే తిట్టు. తిట్టడానికైనా నువ్వొక్కడివే మిగిలావు.

ఈలగాడు
(నువ్వే పెట్టావు ఈ పేరు, గుర్తుందా)


మేడమీద గది
శుక్రవారం, పొద్దున్నే

ఒరేయ్ ఈలగాడా,

ఆ ఉత్తరం పోస్టు చెయ్యకు. చేసేసి ఉంటే వెనక్కి తెప్పించుకో. నీకు సంఘంలో ఆ మాత్రం పలుకుబడి లేదా?

నువ్వు వీధి చివర నిలబడ్డావన్న ముక్క నాలుగుసార్లు చదివాను. నేను ఆ రోజు మెట్ల మీద కూర్చుని నీ కోసమే చూస్తున్నాను. వచ్చి ఉంటే నీ భుజం మీద పడి ఏడ్చేవాణ్ణి. రాలేదని పళ్ళు కొరుక్కుంటూ తొమ్మిదేళ్ళు బతికాను. ఇద్దరం ఇద్దరమే, బుద్ధిలేని వెధవలం.

ఇక మాట తప్పుతున్నాను. తప్పు మీ అక్కకి నేనే చెప్పుకుంటాను.

కోర్టు కొలిచిన రోజు, నువ్వు రెండోసారి "అరవై" అని అరిచినప్పుడే మీ అక్క కనిపెట్టింది. రోజూ ఆ టేపుతోనే కుట్టే మనిషి, కనిపెట్టకుండా ఉంటుందా? నోరు తెరిచింది చెప్పడానికి. మళ్ళీ మూసేసింది. నేను చూశాను. ఇంటికి నడిచి వస్తుంటే అడిగాను, ఏమిటే ఇందాక ఏదో అనబోయి ఊరుకున్నావని. అప్పుడు చెప్పింది.

"వాడు ఏడు తీయడం మర్చిపోయాడు. యాభై మూడు ఇరవైలంటే ఎనభై ఎనిమిది అడుగుల చిల్లర. చెప్దామనుకున్నాను. ఇంతలో ఇంకో లెక్క తట్టింది. నిన్న బంతి కుట్టడం అయ్యాక పెరట్లోకి వెళ్ళి నేనే విసిరి చూశాను. దూది బంతి కదా, ఎగరదు, దొర్లదు. నా చెయ్యి ఎంత ఊపినా ఇరవై రెండు అడుగులే వెళ్ళింది. చిన్నోడు సరిగ్గా నాలుగు చేతులు మారి, నాలుగో విసురుకే బంతి గూట్లో పడాలని నియమం పెట్టాడు. నాలుగు ఇరవై రెండ్లు ఎంత? ఎనభై ఎనిమిది. సరిగ్గా సరిపోయింది. నూరడుగులైతే నాలాంటి వాళ్ళ చేతుల్లోంచి ఆ బంతి గూటిదాకా చేరదు. ఎనిమిది గంటలు మెషిన్ తొక్కి వచ్చిన మనిషికి అంత ఊపిరి ఎక్కడిది? గట్టివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆడతారు, మిగతావాళ్ళం గోడకానుకుని చూస్తాం. వాడి తప్పు వల్ల పద్నాలుగు మందీ ఆడతాం. అందుకే ఊరుకున్నాను."

చెప్పెయ్యవే, సంతోషిస్తాడు అన్నాను. "వద్దు. ఆట కనిపెట్టానని వాడు పొంగిపోతున్నాడు. తప్పు కొలిచావని చెప్తే చిన్నబుచ్చుకుంటాడు. మళ్ళీ రేపే వెళ్ళి నూరడుగులు గీసేస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు. మీరు వాడికి ఎప్పటికీ చెప్పనని మాటివ్వండి" అంది. ఇచ్చాను.

అదీ సంగతి. జూబిలీ రోజు నీ చెవిలో అన్నది వెక్కిరింత కాదురా. ఇంటికి వచ్చాక నాతో చెప్పి మళ్ళీ నవ్వింది. "ఆ నాలుగంగుళాలు దేనికో నాకూ తెలియదండీ, వాడు దానికీ ఒక పని చూపించాడు" అని మురిసిపోయింది. నీ మీద కోపం నాదే. తనకి ఏ కోశానా లేదు.

నలభై మూడు దేశాల్లో సున్నం పోసి గీతలు గీస్తున్నారే, వాళ్ళందరూ ఒక్క మనిషి చెయ్యి విసురు కొలుస్తున్నారు. తను పోయి తొమ్మిదేళ్ళైనా ఎక్కడో ఒకచోట రోజూ ఆ టేపు పరుస్తూనే ఉన్నారు. ఈ కిటికీ దగ్గర కూర్చుని నేను బతుకుతున్నది దాన్ని చూసే. ఆ గీత చెరిపేస్తే తను రెండోసారి పోయినట్టేరా నాకు.

టేపు ఈ కవరులో పెట్టాను. సభలో చూపించు. పని కాగానే తిరిగి ఇచ్చెయ్యి.

బావ


క్రీడా సంఘం క్వార్టర్లు
వానలు పడుతున్నాయి

బావా,

ఉత్తరం పోస్టు చేయలేదు. ఆ రోజు గాలికి గొడుగు విరిగింది, గాలి తగ్గాక చేద్దామని ఆగాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది.

చదివి మంచం మీద కూర్చుండిపోయాను. టేపు ముక్కు దగ్గర పెట్టుకుంటే కొసన ఇంకా మాడు వాసన ఉన్నట్టు అనిపించింది. ఉండదని తెలుసు. ఇన్నేళ్ళు నేను తప్పు చేశానని దాచుకుంటే, అక్క నేను చిన్నబోకూడదని దాచింది. ఇద్దరం ఒకే టేపుకి చెరో కొస పట్టుకుని, ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

సభకి నేనే వెళ్ళాను. ఎవరి చేతా చదివించలేదు. టేపు ఎత్తి చూపించి, ఇస్త్రీ పెట్టె దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. మొదట గొల్లుమని నవ్వారు. నవ్వనిచ్చాను. అంగల లెక్క నేనల్లిన కథ అని చెప్పేసరికి నవ్వు ఆగింది. ఆ లావుపాటి పుస్తకం రాసినాయన పక్కకి తిరిగి కూర్చున్నాడు. తర్వాత నాలుగు ఇరవై రెండ్లు చెప్పాను. మొదటి బంతి కుట్టింది మా అక్క, కోర్టు కొలత మా అక్కది, నేను పదకొండేళ్ళ కిందట చెప్పాల్సిన మాట ఇది అన్నాను. ఆ చరిత్ర అమ్మాయి తలెత్తకుండా రాసుకుంటోంది. ఒకప్పుడు ఆడి, ఇప్పుడు ఆట నేర్పుతున్న ఒకామె లేచి నిలబడి "నా చెయ్యి కూడా ఇరవై రెండడుగులే" అంది.

ఓట్లు వేశారు. నూరడుగులకి ముప్పై ఒకటి. మనకి ఇరవై ఎనిమిది.

ఓడిపోయాం బావా. మాస్టారి మనోభావాలని గౌరవిస్తున్నామని అధ్యక్షుడు అన్నాడు. వచ్చే నెల నుంచే కొత్త గీతలు. మూడంటే మూడు ఓట్లు. జూబిలీ రోజే ఈ మాట చెప్పి ఉంటే, అడ్డం పడేవాళ్ళే లేకపోదురు. అక్క కూడా వినేది. నీకు ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియలేదు, అందుకే ఇన్ని రోజులు ఆలస్యం.

అంగల పటం గోడ మీంచి తీయించేశాను. అక్కడ తెల్లటి చదరం మిగిలింది. ఎదురుగా కూర్చుని దాన్ని చూస్తూ భోంచేస్తున్నాను. ఫొటోలకి వచ్చేవాళ్ళు తగ్గారు.

టేపు జాగ్రత్తగా చుట్టి పంపుతున్నాను. ఈ ఉత్తరంలోంచి ఏడు తీయొద్దు.

చిన్నోడు


మేడమీద గది
వాన వెలిసింది, మంగళవారం

ఒరేయ్ చిన్నోడా,

తన పిలుపు నేను వాడుకుంటున్నాను, ఏమీ అనుకోకు. పిలిచేవాళ్ళు లేక ఆ పేరు పాడైపోకూడదు కదా.

ఓడిపోయామని తెలిసిన రోజు అన్నం సహించలేదు. నిజం చెప్తున్నాను. నువ్వు చెప్పినందుకు కోపం పోయింది, గీత పోయినందుకు దుఃఖం పోలేదు.

మొన్న మున్సిపాలిటీ వాళ్ళు ఇనుప టేపుతో వచ్చారు. కొలిచి, పాత గీత మీద మట్టి పోసి, దూరంగా కొత్తగా తెల్ల రంగు గీశారు. గూడు స్తంభాన్ని పెకలించి కొత్త గీత మీదికి జరిపారు. కిటికీ తలుపు మూసేశాను. చూడలేకపోయాను. రెండు రోజులు మూసే ఉంచాను.

నిన్న పొద్దున పెద్ద వాన. నాలుగింటికి ఆడవాళ్ళ గొంతులు వినపడి ఉండబట్టలేక తలుపు తీశాను. ఒరేయ్, పైన పోసిన మట్టి కొట్టుకుపోయింది. ఇన్నేళ్ళు కాళ్ళు తొక్కి తొక్కి పాత గీత వెంట నేల లోతుపడి ఉంది, అందులో నీళ్ళు నిలిచాయి. పాత కోర్టు నాలుగు పక్కలా నీళ్ళతో గీసినట్టు మెరుస్తోంది.

ప్యాకింగ్ షెడ్డు ఆడవాళ్ళు కొత్త గీత దాకా ఆడి చూశారు. నాలుగు చేతులు మారింది, బంతి గూటికి ఇంకా పదడుగుల దూరంలో బురదలో పడింది. మళ్ళీ ఆడారు, మళ్ళీ పడింది. వాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్నామె నడుం మీద చేతులు పెట్టుకుని "ఇదేం గోలమ్మా, ఎవడు చెప్పాడు వీళ్ళకి?" అంది. అంతే. నలుగురూ కలిసి స్తంభాన్ని తోసుకుంటూ, ఈడ్చుకుంటూ వచ్చి పాత గుంతలోనే దించారు. చుట్టూ రాళ్ళు దట్టించి, ఏమీ జరగనట్టు ఆట మొదలుపెట్టారు. ఎవరి ఓటూ అడగలేదు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. నీ కవరులోంచి టేపు తీసుకుని మెట్లు దిగాను. వాళ్ళ ఆట అయ్యాక కొలుద్దామనుకున్నాను, స్తంభం సరిగ్గా దించారో లేదోనని. కాలిన కొస మీద ఇటుక పెట్టి లాగాను. ఇటుక బురదలో జారిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. కళ్ళజోడామె చూసి "నేను పట్టుకోనా తాతా?" అంది. వద్దమ్మా, పట్టుకునేవాడు వస్తున్నాడు అని చెప్పి టేపు చుట్టేశాను.

అబద్ధం ఆడాను. దాన్ని నిజం చెయ్యి. కప్పులు అక్కడే ఉంచి, రెండు జతల బట్టలు పెట్టుకుని వచ్చెయ్. మూడంతస్తుల మెట్లు, నీ మోకాళ్ళకి కష్టమే, మెల్లగా ఎక్కుదువుగాని. వీధి చివర ఆగకు. నేను మెట్ల మీదే కూర్చుని ఉంటాను.

కొలవడానికి ఇద్దరు కావాలి. నువ్వు కాలిన కొస పట్టుకో. ఈసారి లెక్క నేను చదువుతాను.

బావ